నాగలి బొమ్మ హోటల్లో పెళ్ళిచూపులు

నాకు కోపం ఎక్కువని మా వార్డులో స్ట్రెచర్ తోసేవాళ్ళ దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరికీ తెలుసు. ఆ శుక్రవారం మాత్రం నా కోపమంతా నా మీదే. పెళ్ళిచూపులకు చోటు ఎంచింది నేనే మరి. పెళ్ళికూతురు తన పెళ్ళిచూపులకు తానే హోటల్ వెతుక్కోవడమేమిటని ఊళ్ళో అయితే బుగ్గలు నొక్కుకుంటారు. దుబాయ్‌లో నాకింకెవరున్నారు? అమ్మానాన్నలు నరసాపురంలో ఉన్నారు. ఇక్కడ నావాళ్ళంటే అల్ కుసైస్ ఫ్లాట్‌లో నాతో గది పంచుకునే రేచెల్ అక్క ఒక్కతే. ఆవిడా మా ఆస్పత్రిలోనే నర్సు. భీమవరం మనిషి. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. ఆ రోజు పిల్ల తరపు పెద్ద కూడా ఆవిడే.

అంతకు ముందు వచ్చిన సంబంధాల గురించి చెప్పమంటే ఒళ్ళు మండుతుంది. ఒకాయనకు నా రంగు నచ్చలేదు. ఇంకొకాయనకు నా రంగు ఫరవాలేదట గానీ నైట్ డ్యూటీలు నచ్చలేదు. మూడో ఆయన తల్లి ఫోన్లో నన్ను గుత్తివంకాయ ఎలా చేస్తావని అడిగి, నేను చెప్పింది విని, "ఇంకో రెండేళ్ళు నేర్చుకోమ్మా" అని పెట్టేసింది. ముప్ఫై దాటాక నాకు పెళ్ళి మీద విసుగొచ్చింది.

అప్పుడు ఐజక్ ఫోన్ చేశాడు. అబుదాబి అవతల మఫ్రఖ్‌లో ఒక పైపుల కంపెనీలో సేఫ్టీ సూపర్‌వైజరు. చర్చిలో ఎవరో నంబరిచ్చారు. మొదటిసారి చేసినప్పుడు "భోంచేశారా?" అని అడిగాడు. లేదన్నాను. "అయితే తినండి, తర్వాత చేస్తాను" అని పెట్టేశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవడీ మనిషి, నా ఫోన్ నాకే కట్ చేస్తాడా అని తిట్టుకుంటూ తిన్నాను. నేను చెయ్యి కడుక్కుంటుండగా మళ్ళీ చేశాడు. ఆ తర్వాత రోజూ అదే వరస. డిసెంబరు వచ్చేసరికి, అతను అడుగుతాడని డ్యూటీలో కూడా వేళకు తినడం మొదలుపెట్టాను. ఈ మనిషి నాకు కావాలి అనుకున్నాను. రేచెల్ అక్కతో కూడా అదే మాట పైకే చెప్పాను.

కానీ ఒప్పుకోవలసింది ఐజక్ కాదు, వాళ్ళమ్మ మాణిక్యమ్మ. నెల్లూరు జిల్లా పల్లెటూరి మనిషి. విజిట్ వీసా మీద కొడుకు దగ్గరికి వచ్చింది, ఫిబ్రవరిలో వెళ్ళిపోతుంది. ఆవిడ గురించి ఐజక్ ముందే చెప్పాడు. వాళ్ళ నాన్న సారా తాగి తాగి పోయాడు. ఆ తర్వాత నెల్లూరు ఆడవాళ్ళు సారా దుకాణాల మీద తిరగబడిన రోజుల్లో ఆవిడ చీపురు పట్టుకుని ముందు వరసలో నడిచిందట. సారా ప్యాకెట్లు తన చేత్తో కాలవలో పోసిందట. అప్పుడే ఒట్టేసుకుంది, మందు అమ్మేచోట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనని. ఐజక్‌కు ఇంతకు ముందు కుదరబోయిన సంబంధం ఒకటి, పిల్ల మేనమామ దగ్గర మందు వాసన వచ్చిందని ఈవిడ విస్తరి ముందు నుంచి లేచిపోతే అక్కడితో ఆగిపోయింది.

అంత మనిషిని నేను తీసుకెళ్ళి తీసుకెళ్ళి బారులో కూర్చోబెట్టాను.

నా తప్పు లేదని కాదు గానీ, ఎలా జరిగిందో వినండి. అంతకు ముందు రంజాన్‌లో మా వార్డు ఇన్‌ఛార్జి, ఇంగ్లండు ఆవిడ, బదిలీ మీద వెళ్తూ మాకు మధ్యాహ్నం భోజనం పెట్టింది. బర్ దుబాయ్‌లో ఒక హోటల్, కింది అంతస్తులో పరదాలు వేసిన గది. తలుపు పైన చెక్క మీద చెక్కిన నాగలి బొమ్మ. లోపల నల్లటి చెక్క బెంచీలు, రంగు అద్దాల కిటికీలు, గోడ నిండా పాత పల్లెటూరి పటాలు. సంగీతం లేదు, గోల లేదు. ఒక పక్క పొడవాటి బల్ల మీద తెల్లటి దుప్పటి కప్పి ఉంది, దాని వెనక గోడకు పైనుంచి కిందిదాకా పరదా. అచ్చం మా నరసాపురం మిషన్ చర్చిలా ఉందనుకున్నాను. పొయ్యిలో కాల్చిన మాంసం, బంగాళదుంపలు ఎంత బాగున్నాయో. ఇంగ్లీషువాళ్ళు ఆదివారం తినే భోజనమట, ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి శుక్రవారం పెడతారట. పెద్దవాళ్ళను తీసుకురావలసిన చోటు ఇదే అని మనసులో రాసిపెట్టుకున్నాను.

రంజాన్‌లో పగటిపూట దుబాయ్‌లో మందు పొయ్యరన్న సంగతి నాకు తెలుసు. ఆ దుప్పటి కింద ఏముందో మాత్రం తట్టలేదు.

జనవరిలో ఆ శుక్రవారం ఆరాధన ఆలస్యంగా అయింది. పాస్టరుగారు వాక్యం ముగించరే! మాణిక్యమ్మకు షుగరు ఉంది. హోటల్ దగ్గరే కదా అని రేచెల్ అక్క చర్చి ఆవరణలోనే, ఐజక్ తెచ్చిన కారులో కూర్చోబెట్టి ఆవిడకు ఇన్సులిన్ వేసేసింది. నేను నా నీళ్ళ సీసాను చర్చి కూలర్ దగ్గర నింపుకుని ఎక్కాను. దారిపొడవునా మాణిక్యమ్మ ఒళ్ళో జిప్పు సంచిలో బైబిలు పెట్టుకుని నా చేతులనే చూస్తూ కూర్చుంది.

హోటల్ దగ్గర ఆవిడ మోకాళ్ళ నొప్పితో ఐజక్ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా వస్తుంటే, నేనూ రేచెల్ అక్కా ముందు నడిచాం. తలుపు తోశాను. దుప్పటి లేదు. ఆ పొడవాటి బల్ల మీద మెరిసే ఇత్తడి కుళాయిలు, వెనకాల పైకప్పు దాకా సీసాలు. ఒకతను గ్లాసుల్లోకి నురగ పొంగేలా వంపుతున్నాడు. గోడమీద టీవీలో ఫుట్‌బాల్. ప్రతి బల్ల మీదా పొడవాటి గ్లాసులే.

"ఇదేంటే? ఇది బారు కదే!" అంది రేచెల్ అక్క.

"రంజాన్‌లో వచ్చినప్పుడు ఇవేవీ లేవక్కా."

"రంజాన్‌లో చూసి హోటల్ ఎంచావా? రంజాన్‌లో అయితే దుబాయ్ మొత్తం సండే స్కూల్లా ఉంటుంది!"

"వెనక్కి వెళ్ళిపోదాం."

"ఎక్కడికే? సూది వేసేశాను. ఇప్పుడు జుమ్మా నమాజు టైము, బయట ఒక్క కెఫెటేరియా తెరిచి ఉండదు. పైన రెస్టారెంటు సాయంత్రం దాకా తియ్యరని బోర్డు పెట్టారు. ఆవిడ కళ్ళు తిరిగి పడిపోతే పెళ్ళిచూపులు మన ఎమర్జెన్సీలో పెట్టుకోవాలి."

అంతలో వాళ్ళిద్దరూ వచ్చేశారు. ఐజక్ నా తల మీదుగా లోపలికి చూశాడు. మొహం పాలిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. "మూల బల్ల ఏమన్నా ఖాళీగా ఉందాండీ?" అని మాత్రం మెల్లిగా అడిగాడు. మాణిక్యమ్మ తలెత్తి పైన బొమ్మ చూస్తోంది.

"నాగలి బొమ్మ ఉండాదే. సేద్యగాళ్ళ హోటలా ఇది?"

"అలాంటిదేనండి" అన్నాను.

మూల బల్లకు వీపు ఎత్తుగా ఉన్న చెక్క బెంచీ ఒకటి ఉంది. మాణిక్యమ్మను దాని మీద, సీసాలు వీపు వెనకకు వచ్చేలా కూర్చోబెట్టాను. ఆవిడ ఎదురుగా గోడ, గోడ మీద గొర్రెలు మేపుతున్న ఒక పల్లె పటం. ఆవిడ పక్కన రేచెల్ అక్కను పరదాలా ఆనించాను. ఎదుటి కుర్చీలో ఐజక్. నేను పరుగులు పెట్టాలి కాబట్టి పక్కన చిన్న స్టూలు లాక్కున్నాను. పెళ్ళికొడుకు ఎదురుగా తల్లి, పెళ్ళికూతురు పక్కకు. ఏం చేస్తాం, ఉన్న చోట్లలో ఆవిడకు బారు కనబడని చోటు అదొక్కటే.

బల్ల మీద గాజు కూజాలో నీళ్ళు, వాటిలో నిమ్మ చెక్కలు. మాణిక్యమ్మ చెయ్యి అటు వెళ్తుంటే గబుక్కున కూజా ఇవతలికి లాగేశాను. "అవి బాగా చల్లగా ఉంటాయండీ, గొంతు పట్టేస్తుంది" అని నా సీసాలోని చర్చి నీళ్ళు పోశాను. చోటు గురించి ఆవిడను మోసం చేస్తున్నాను, నిజమే. సూది వేశాక తిండి ఎలాగూ తప్పదు, నీళ్ళ దగ్గరన్నా ఆవిడ ఒట్టును ఆవిడకు తెలియకుండా చెడగొట్టడానికి నాకు చేతులు రాలేదు. మోసానికైనా ఒక హద్దుండాలి కదా.

ఆవిడ నీళ్ళు చూసింది, నన్ను చూసింది, తాగింది.

"ఈడ అడిగేవాళ్ళు ఎవురూ రారా?"

"మనమే వెళ్ళి తెచ్చుకోవాలండి."

మాంసం కోసి వడ్డించేచోట తెల్ల టోపీ పెట్టుకున్న మనిషి నా మెళ్ళో సిలువనూ, నా మొహాన్నీ చూసి "ఏ ఊరు మేడం?" అన్నాడు తెలుగులో. పేరు హయాత్ బాషా, ఊరు ఆత్మకూరట. ఆత్మకూరంటే నెల్లూరే. నాకు ప్రాణం లేచివచ్చింది.

"భాయ్, మా పెద్దావిడది కూడా మీ నెల్లూరే. మీరు ఆవిడ దగ్గర బీరు, బారు అన్న మాటలు ఎత్తారో, ఖలాస్, నా పెళ్ళి అయిపోయినట్టే!"

అతను నవ్వాపుకుంటూ, "అట్నేలే మేడం, నేను చూసుకుంటా, పోండి" అన్నాడు. కోడి, గొర్రె రెండూ మెత్తగా ఉన్నచోట చూసి కోశాడు.

పళ్ళేలు వచ్చాక మాణిక్యమ్మ లేచి నిలబడింది. చెంగు తలమీదికి లాక్కుంది. నాకు అర్థమయ్యేలోపలే ప్రార్థన మొదలుపెట్టింది. ఊళ్ళో మైకు లేని చర్చిలో ప్రార్థన చేసి అలవాటైన గొంతు. "పరలోకమందున్న మా తండ్రీ" అనేసరికి పక్క బల్ల వాళ్ళు మాట ఆపారు. "ఈ ఆహారాన్ని వండిన చేతులను దీవించు" అనేసరికి హాలంతా నిశ్శబ్దం. ఎవరో టీవీ గొంతు తగ్గించారు. గ్లాసు పెదాల దాకా తెచ్చుకున్న ఎర్రమొహం మనిషి ఒకడు దాన్ని మెల్లిగా కిందపెట్టి తల వంచాడు. భూమి చీలితే బావుణ్ణు, నేను లోపలికి పోతాను అనుకున్నాను. ఆవిడ ఆమెన్ అంది. నాలుగు బల్లల నుంచి ఆమెన్ వచ్చింది.

"బుద్ధిమంతులే" అంటూ మాణిక్యమ్మ కూర్చుంది.

తర్వాత నాకు కూర్చునే తీరిక దొరకలేదు. ఆవిడకు గ్రేవీ చప్పగా ఉందంటే మిరపకాయల సాసు కోసం పరుగు. కత్తీ ఫోర్కూ వద్దంటే చేతులు కడిగించడానికి గిన్నె కోసం పరుగు. యార్క్‌షైర్ పుడ్డింగు తుంచి, "ఇదేంది, పూరీ మాదిరి పొంగింది, లోపల ఏమీ లేదే" అని, దాన్ని గ్రేవీలో అద్ది నోట్లో పెట్టుకుని, "అయినా బాగుండాది" అంది. ఇంకోటి తెచ్చాను. హయాత్ బాషా తన చోటు వదిలి పళ్ళెం పట్టుకుని వచ్చి, "ఇంకో ముక్క ఏసుకోమ్మా, మన ఊరోళ్ళు ఇంతేనా తినేది?" అని కొసరి కొసరి వడ్డించాడు. ఆవిడ మొహం విప్పారింది. ఈ దేశంలో దిగాక ఆవిడకు కొసరి వడ్డించినవాళ్ళు లేరట. వెళ్తూ వెళ్తూ అతను నావైపు కన్ను గీటాడు. రేచెల్ అక్క బంగాళదుంపలు నములుతూ, పక్కనుంచి వెళ్తున్న నా చెయ్యి నొక్కింది. గండం గట్టెక్కుతోందని మా ఇద్దరికీ కాస్త ధైర్యం వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ గది కూడా హాయిగానే ఉంది. వేడి మాంసం వాసన, నవ్వులు, గ్లాసుల చప్పుడు. వెల్లుల్లి లేకపోయినా ఆ భోజనానికి ఒక కమ్మదనం ఉంది.

పక్క బల్ల దగ్గర ఒక ముసలి ఇంగ్లీషాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ముందు నిండు పళ్ళెం, పక్కన గ్లాసు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. మాణిక్యమ్మ ఆయన్ని చూస్తోంది. ఆ గ్లాసు ఆవిడ కంటబడకుండా నేను కొంచెం అటు జరిగాను.

"ఆ దొర ఎందుకు తినడంలా? ఒంట్లో బాగలేదా?"

"వాళ్ళావిడ వడ్డించుకుని రావాలండి. ఆవిడ కోసం ఆగినట్టున్నాడు."

కాసేపటికి ముసలామె పళ్ళెం పట్టుకుని వచ్చింది. ఆయన ఆమె కుర్చీ జరిపాడు. ఇద్దరూ ఒకేసారి తినడం మొదలుపెట్టారు. మాణిక్యమ్మ చాలాసేపు చూసి, తన బల్లవైపు తిరిగింది. ముందు కొడుకు పళ్ళెం చూసింది, తర్వాత నా పళ్ళెం చూసింది. నోట్లో ముద్ద నమలడం ఆపింది.

"పాపా, ఈ నీళ్ళు ఏడివి?" అంది గ్లాసు చూపించి.

"చర్చివండి. కూలర్ దగ్గర పట్టాను."

"ఈ కూజాలోవి నాకెందుకు పొయ్యలా?"

రేచెల్ అక్క నమలడం ఆపేసింది. ఇక దాచి లాభం లేదనిపించింది.

"మీకు ఒట్టుంది కదండీ. ఇది... ఇక్కడ మందు అమ్ముతారండి. నాకు తెలియక తీసుకొచ్చాను. తెలిశాక చెప్పే ధైర్యం చాల్లేదు."

"అమ్మా, తప్పు నాదే. నేనన్నా చెప్పాల్సింది" అన్నాడు ఐజక్.

"నువ్వుండు" అంది ఆవిడ. తర్వాత నావైపు తిరిగింది. "నాకు తెలవదనుకున్నావా? తలుపు కాడే తెలిసిపాయె. ఇరవై ఏండ్లు ఆ వాసన పక్కన పండుకున్నదాన్ని. నువ్వు నన్ను గోడకల్లా తిప్పి కూసోబెడితే ముక్కు గూడా గోడకి తగిలిస్తావా?"

"మరి ఎందుకు కూర్చున్నారండీ?"

"ఈ పిల్ల సూది ఏసేసిందిగా. కూడు తినకుండా చావమంటావా?" అంది రేచెల్ అక్కను చూపించి. "రెండు ముద్దలు తిని లేచిపోదాం, ఈ సంబంధం ఈడనే వదిలేద్దాం అనుకున్నా. అంతలో నువ్వు ఆ కూజా లాగేసి నీ నీళ్ళు పోస్తివి. సరే చూద్దాం అని కూసున్నా. ఇప్పుడు వీడి పళ్ళెం చూడు."

చూశాను. ఐజక్ పళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. గ్రేవీ మీద మీగడ కట్టింది. వాళ్ళు తిన్నంతసేపూ అతను తల్లికి అదీ ఇదీ అందిస్తూ కూర్చున్నాడు గానీ ఒక్క ముక్క తినలేదు. నా పరుగుల్లో నేను గమనించనే లేదు.

"ఏందిరా, తినలేదే?" అంది తల్లి.

"ఆవిడ ఇంకా తినడానికి కూర్చోలేదు కదమ్మా" అన్నాడు ఐజక్. అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు చెప్పాడు.

మాణిక్యమ్మ కళ్ళు తుడుచుకోలేదు. అవి వాటంతటవే కారుతుంటే అలాగే మాట్లాడింది.

"వీళ్ళ నాయన సారా అంగడి నుంచి వచ్చిందాకా కూడు ముందర పెట్టుకుని కూసునేదాన్ని. చల్లారిపొయ్యేది. వస్తే తన్నేవాడు, లేకుంటే పడిపొయ్యేవాడు. నాకోసం ఆయన ఒక్క పూట ఆగింది లేదు. నాకెదురుగా కూసుని వేడికూడు తిన్నది లేదు. అందరూ నేను సారా మీద కోపంతో ఒట్టేసుకున్నా అనుకుంటారు. నా కోపం ఆ చల్లారిన కూటి మీద పాపా."

అంతసేపూ నిలబడి ఉన్నదాన్ని అప్పుడు స్టూలు మీద కూర్చున్నాను. ఎంత బాధ పడిందో ఈ మనిషి, నేను ఈవిడకు భయపడ్డానే అని సిగ్గేసింది. అత్తగారవుతుందో లేదో గానీ ఆ నిమిషంలో ఆవిడ మీద నాకు చెప్పలేనంత ప్రేమ కలిగింది.

ఆవిడ బెంచీ పట్టుకుని మెల్లిగా లేచింది. వెళ్ళిపోతుందనుకున్నాను.

"లెయ్యి. ఇట్టా వచ్చి నా చోట్లో కూసో."

"అమ్మగారూ..."

"వాడి ఎదురుగా కూసోమంటుండా. ఇనపడలా?"

లేచాను. ఆవిడ బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, నా స్టూలు ఐజక్ పక్కకు లాక్కుని, సీసాలకు ఎదురుగా కూర్చుంది. నేను ఎంతో కష్టపడి దాచిన బారంతా ఇప్పుడు ఆవిడ కళ్ళముందే ఉంది. ఇత్తడి కుళాయిల దగ్గర్నుంచి పైవరస సీసా దాకా, అల్లరి క్లాసును చూసే టీచరులా ఒకసారి కలియజూసింది.

"అంటే... ఒప్పుకున్నట్టేనా అమ్మగారూ?" అంది రేచెల్ అక్క, టిష్యూతో ముక్కు తుడుచుకుంటూ.

"నేను ఊరికి పొయ్యేలోపల ఈ పిల్ల నాయనతో ఫోన్లో మాట్లాడియ్యి" అని, తన ఖాళీ గ్లాసు నా ముందుకు తోసింది. "నీళ్ళు మాత్రం నీ సీసాలోవే పొయ్యి. పెండ్లి పెండ్లే, ఒట్టు ఒట్టే."

సీసాలో మిగిలినవన్నీ పోశాను. హయాత్ బాషా దూరం నుంచి చూసి, అడక్కుండానే మా ఇద్దరి పళ్ళేలూ తీసుకెళ్ళి, వేడి ముక్కలు వడ్డించుకుని వచ్చాడు. ఆవిరి పైకి లేస్తోంది. మాణిక్యమ్మ రెండు పళ్ళేలనూ చూస్తూ కూర్చుంది. ఐజక్ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. నేను ఫోర్కు తీసుకున్నాను. అప్పుడు అతనూ తీసుకున్నాడు.